పేరు చూసి ఛానల్ మార్చేసిన సీరియల్

వంశీ: రికార్డింగ్ ఆన్ అయిందక్కా. ఇవాళ అమెరికా సీరియల్ బఫీ గురించి. పూర్తి పేరు నువ్వే చెప్పు, నాకు నవ్వొస్తుంది.

శైలజ: "బఫీ ది వాంపైర్ స్లేయర్". నవ్వొస్తుందనే కదరా చాలామంది చూడలేదు! "బుజ్జమ్మ, పిశాచ సంహారిణి" అని మన టీవీలో సీరియల్ వస్తే పెద్దమనుషులెవరైనా కూర్చుని చూస్తారా? అక్కడ అవార్డులవాళ్ల వరసా అంతే.

వంశీ: ముందు సినిమాగా వచ్చింది కదా?

శైలజ: ఆఁ, 1992లో. రాసిన జాస్ వీడన్‌కే అది నచ్చలేదు. 1997 మార్చిలో డబ్ల్యూబీ ఛానల్లో సీరియల్‌గా తనే మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి సీజన్ 12 ఎపిసోడ్లే. నిజం చెప్పొద్దూ, రాక్షసులు కొందరు మరీ రబ్బరు బొమ్మల్లా ఉంటారు. కానీ ఐడియా గట్టిది. పిశాచాల్ని కొయ్యతో పొడిచి చంపే స్కూలు పిల్ల కథ. టీనేజీ కష్టాలే అక్కడ దయ్యాలు. ప్రేమించినవాడితో ఒక రాత్రి గడిపితే, తెల్లారేసరికి వాడు నిజంగానే రాక్షసుడైపోతాడు.

వంశీ: నాకైతే "ది బాడీ" ఎపిసోడ్. రెండు రోజులు మనిషిని కాలేకపోయాను.

శైలజ: 2001 ఫిబ్రవరి. బఫీ ఇంటికొస్తుంది. ఎవరో అమ్మకి పూలు పంపారు, వాటిని చూసి ఆటపట్టిస్తూ లోపలికి నడుస్తుంది. అమ్మ సోఫాలో పడుంది, కళ్లు తెరుచుకునే ఉన్నాయి. "మామ్?" అంటుంది. మళ్లీ "మామ్?" మూడోసారి "మామీ?" గొంతు చిన్నపిల్లదైపోతుంది.

వంశీ: మ్యూజిక్ కూడా ఉండదు.

శైలజ: ఎపిసోడ్ మొత్తంలో నేపథ్య సంగీతం లేదు. మన సీరియల్లో అయితే ఆ ముఖం మీద మూడుసార్లు జూమ్, ఉరుము, మెరుపు! ఇక్కడ కార్పెట్ మీద వాంతి చేసుకుని, దాని మీద కాగితాలు పరుస్తుంది. అంతే. అమ్మ ప్రాణం తీసింది పిశాచం కాదు, మెదడులో చిట్లిన రక్తనాళం. ఎన్ని రాక్షసుల్ని చంపితే ఏం లాభం, దీన్ని పొడవడానికి కొయ్య లేదు.

వంశీ: మరి దీనికి ఎమ్మీ, అదే వాళ్ల టీవీ అవార్డు, వచ్చిందా?

శైలజ: నామినేషన్ కూడా రాలేదు. తాగి అందరూ ఆదిమానవులైపోయే ఎపిసోడ్ ఒకటుంది చూడు, అభిమానులే తిట్టుకునేది... దానికి జుట్టు అలంకరణలో నామినేషన్ వచ్చింది!

వంశీ: అబ్బా! పాటల ఎపిసోడ్‌దీ ఏదో కథ ఉంది కదా?

శైలజ: రచన విభాగం బ్యాలెట్లో దాని పేరు వేయడం మర్చిపోయారు. తర్వాత సభ్యులకి పోస్టుకార్డులు పంపి సర్దుకోబోయారు. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. గెలిచిన ఎమ్మీలు రెండు, మేకప్‌కి ఒకటి, సంగీతానికి ఒకటి. ఇంకోపక్క ప్రొఫెసర్లేమో 2001లోనే "స్లేయేజ్" అని ఏకంగా పరిశోధనా పత్రిక పెట్టేశారు.

వంశీ: ఆడపిల్లకి బలమిచ్చిన సీరియల్ అని తెగ రాశారు. ఆ తర్వాత 2021లో నటి కరిజ్మా కార్పెంటర్ సెట్లో వీడన్ తనని వేధించాడని ఆరోపించింది.

శైలజ: అప్పట్నుంచి ఆ పొగడ్తలు చదువుతుంటే నోట్లో రాయి పడ్డట్టే ఉంటుంది. సీరియల్‌ని మాత్రం వదల్లేను. నటులు, రచయితలు ఎంతమంది చెమట అది!

వంశీ: రచనకి అసలు నామినేషనే రాలేదా?

శైలజ: ఒక్కటి. "హష్", 1999 డిసెంబరు. వీడన్ డైలాగులు బాగా రాస్తాడని అందరూ అంటుంటే, డైలాగు దాదాపు లేకుండా రాశాడు. ఊరందరి గొంతులూ రాత్రికి రాత్రి పోతాయి. నల్లసూట్లేసుకుని, నవ్వుకుంటూ, నేలకి జానెడు పైన తేలుతూ వస్తారు రాక్షసులు, గుండెలు కోసుకెళ్లడానికి. మా అమ్మకి ఇంగ్లీషు రాదుగా, ఇది చూపించా. కాసేపు చూసి, "మగపెళ్లివారిలా ఉన్నారేమే, అంత మర్యాదగా" అంది.

వంశీ: (నవ్వు) ఏ విమర్శకుడూ ఇంత బాగా రాయలేదక్కా!

శైలజ: అయిపోయాక "ఇంకోటి పెట్టవే" అంది. "ది బాడీ" దగ్గర వేలు ఆగిపోయింది. నెట్ పోయిందమ్మా అని చెప్పి టీవీ కట్టేశా.