పద్మినికి కొత్త పెట్రోల్ లైన్: ఏ పైపు, ఏ పంపు, ఏ కిట్టు కొనాలి?

అందరికీ నమస్కారం. ఈరోజు బల్ల మీద ప్రీమియర్ పద్మిని పెట్రోల్ లైన్ పార్టులు ఉన్నాయి. మూడు రకాల పైపులు, రెండు రకాల క్లిప్పులు, ఫిల్టర్లు, ఏసీ పంపు (ఏసీ అంటే కంపెనీ పేరు, ఇంజిన్ కొట్టే పెట్రోలు పంపు), పెట్రోలుని గాలితో కలిపే సోలెక్స్ కార్బురేటర్‌కి రిపేర్ కిట్టు. అంబాసిడర్ ఉన్నవాళ్ళకీ చాలావరకు ఇదే పనికొస్తుంది, కొలతలు మాత్రం మీ బండివి తీసుకోండి.

బండి లాగట్లేదంటే ముందు కార్బురేటర్ విప్పేస్తారు చాలామంది. అట్టా చెయ్యకండి. ట్యాంకులో తుప్పు, పైపులో రబ్బరు పొడి అట్నే ఉంటే, కొత్త కిట్టు వేసిన వారానికే జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోద్ది. పని ట్యాంకు దగ్గర మొదలై ముందుకు రావాలి.

ఇప్పుడెందుకు మార్చాలంటే, బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్. పద్మిని రోజుల్లో వేసిన రబ్బరు, కార్కు గాస్కెట్లు దీన్ని తట్టుకోవడానికి చేసినవి కావు. రబ్బరు ముందు ఉబ్బుద్ది, మెత్తబడుద్ది, ఆరితే పగులుద్ది. పైగా ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో నెలల తరబడి నిలబెట్టిన బండికి ఇది ఇంకా కష్టం. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్ వాటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుద్ది. తుప్పు అక్కడే మొదలవుద్ది.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుద్ది. అందుకని గుంతలో, మూసిన షెడ్డులో వద్దు, ఆరుబయట నీడలో చెయ్యండి. డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. పెట్రోలు తియ్యడానికి నోటితో పీల్చొద్దు, ప్లాస్టిక్ నీళ్ళ క్యాన్లో పట్టొద్దు, మూతున్న ఇనప డబ్బా వాడండి.

ట్యాంకు దించాక లోపల టార్చి వేసి చూడండి. పల్చటి తుప్పయితే 10 లీటర్ల నీళ్ళకి కిలో నిమ్మ ఉప్పు కలిపి ఒక రోజు ఉంచితే వదులుద్ది. తర్వాత వంట సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కాస్త పెట్రోలు పోసి తిప్పాలి. తడిగా వదిలేస్తే గంటల్లో మళ్ళీ ఎర్రబడుద్ది. చిల్లు ఉంటే ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగు పెట్టించొద్దు. లోపల మిగిలిన ఆవిరి బాంబులా పేలుద్ది, ప్రాణాలు పోతాయి. పెట్రోలు మట్టం చూపే గేజి యూనిట్ కింద కార్కు గాస్కెట్ కూడా ఇప్పుడే మార్చెయ్యండి.

ఇక పైపులు. ఇవాళ అసలు చూడాల్సింది ఇవే.

మొదటిది తెల్లగా, లోపల పెట్రోలు కనిపించే ప్లాస్టిక్ పైపు. చూడ్డానికి బాగుంటుంది, ఇంజిన్ వేడికి కొన్ని నెలల్లో పసుపెక్కి కర్రలా గట్టిపడుద్ది, క్లిప్పు దగ్గర చిట్లుద్ది. కారుకి వద్దు. రెండోది అంగట్లో మీటరు లెక్కన కోసిచ్చే నల్ల రబ్బరు పైపు, మీద ఏ రాతా ఉండదు. ఇది దేనికి చేశారో అమ్మేవాళ్ళకీ తెలియదు. మూడోది, మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అనే ప్రమాణం అచ్చు ఉన్నది. దీని లోపలి పొర వైటాన్ (ఒక సింథటిక్ రబ్బరు) రకం, ఇథనాల్‌ని తట్టుకుంటుంది. ఆర్6, ఆర్7 అని ఉన్నవాటికి మామూలుగా ఈ పొర ఉండదు, ఈ20కి ఆర్9 వెయ్యండి. ధర ఎక్కువే, కానీ బండి మొత్తానికి కావాల్సింది చిన్న ముక్కలే: ట్యాంకు దగ్గర, లైన్ నుంచి పంపుకి, పంపు నుంచి కార్బురేటర్‌కి. కొనేముందు ఇనప పైపు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. 6 ఎంఎం పైపుకి 8 ఎంఎం హోస్ (రబ్బరు పైపు) తెచ్చి క్లిప్పుతో నొక్కేస్తే ముడత పడి గాలి లాగుద్ది.

అనుమానం ఉంటే పరీక్ష సులువు. అంగుళం ముక్క కోసి, వ్యాసం కొలిచి, మూతున్న గాజు సీసాలో ఈ20లో వారం నానబెట్టండి. ఉబ్బినా, పెట్రోలు నల్లబడినా ఆ పైపు బండికి పనికిరాదు.

క్లిప్పుల్లో, గాడులు పైపులోకి దిగే మామూలు వార్మ్ క్లిప్పు హోస్‌ని కోసేస్తుంది. నట్టు బోల్టుతో బిగిసే, అంచులు పైకి మడిచిన చిన్న క్లాంపు తీసుకోండి.

ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైన్‌లో పంపు పీలుస్తుంది. అక్కడ జాయింటు వదులైతే పెట్రోలు బయటికి కారాలని లేదు, గాలి లోపలికి పోద్ది. కింద చుక్క కనపడదు, బండేమో హైవే మీద 60 దాటగానే తన్నుకుంటుంది. పంపు మార్చి, కార్బురేటర్ మార్చి, డబ్బంతా పోయాక ఎక్కడో వెనక చక్రం దగ్గర రెండంగుళాల రబ్బరు ముక్కలో పగులు బయటపడుద్ది. అందుకే వెనక ముక్క కూడా మార్చమని చెప్పేది.

ట్యాంకు మూత కూడా చూడండి. గాలి రంధ్రం మూతలోనే ఉన్న బండికి రంధ్రం లేని మూత పెడితే, కాసేపు నడిచాక ఆగిపోద్ది. మూత తీయగానే బుస్సుమంటే కారణం అదే.

ఫిల్టరు పంపుకి ముందు, బాణం గుర్తు పంపు వైపు. ఇథనాల్ లైన్‌లోని పాత జిగురుని కరిగించి తెస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకులకి ఫిల్టరు త్వరగా నిండుద్ది. ఇంకోటి డిక్కీలో ఉంచుకోండి.

ఏసీ పంపు విప్పేటప్పుడు కింద స్పేసర్, గాస్కెట్లు ఎన్ని ఉన్నాయో ఫొటో తీసుకోండి. మందం పెరిగితే పంపు సరిగా కొట్టదు, తగ్గితే ప్రెషర్ పెరిగి కార్బురేటర్ పొంగుద్ది. రిపేర్ కిట్టులో డయాఫ్రం (పంపు లోపల పైకీ కిందికీ కొట్టుకునే పలుచటి పొర) గుడ్డ పొర ఉన్నదై ఉండాలి, ఉత్త రబ్బరు షీటుదైతే వద్దు. డిప్ స్టిక్కుకి పెట్రోలు వాసన వస్తుంటే పాత డయాఫ్రం చినిగి పెట్రోలు ఆయిల్లో కలుస్తోందని. ఆయిలు మార్చకుండా బండి తియ్యొద్దు. ఎలక్ట్రిక్ పంపు పెట్టాలనుకుంటే 2 నుంచి 4 పీఎస్‌ఐ ప్రెషర్ ఇచ్చేదే తీసుకోండి. ఇంజెక్షన్ బండి పంపు 40 పైన కొడుతుంది, దాన్ని ఆపడం కార్బురేటర్‌లోకి పెట్రోలుని వదిలి మూసే నీడిల్ వాల్వు వల్ల కాదు.

సోలెక్స్ కిట్టులో ముఖ్యమైనవి నీడిల్ వాల్వు, దాని కింద వాషరు, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం. ఫ్లోటు (పెట్రోలు మీద తేలే బుడ్డి) గదిలో పెట్రోలు మట్టం ఆ వాషరు మందం మీదే ఉంటుంది, పల్చటిది పడితే మట్టం పెరుగుద్ది. పాతదాని మందం కొలిచి అదే వెయ్యండి. ఇత్తడి ఫ్లోటుని వేడినీళ్ళలో ముంచితే, చిల్లు ఉంటే బుడగలు వస్తాయి. జెట్లని తీగతో పొడవొద్దు, గాలి కొట్టండి. కార్బురేటర్ మూత స్క్రూలు లాగి బిగిస్తే ఆ మెత్తటి లోహం వంగిపోద్ది, కొద్దికొద్దిగా, ఎదురెదురుగా బిగించండి.

ఈ20కి ప్రతి లీటరులో శక్తి తక్కువ, మిశ్రమం పల్చనవుద్ది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. అన్నీ మార్చాక కూడా ప్లగ్గులు తెల్లగా వస్తుంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. 120 ఉంటే 125, దాంతో రంధ్రం వైశాల్యం 8 శాతం చిల్లర పెరుగుద్ది, కావాల్సింది దాదాపు అంతే. ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే జెట్టు ముట్టుకోకండి.

రోహిణి కార్తెలో మన ఎండలకి పంపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. కొత్త హోస్ సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పండి. దారిలో ఆగిపోతే పంపు మీద తడి గుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి.

ఆర్9 పైపు నెల్లూరు, ఒంగోలు షాపుల్లో దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డులో అడగండి, ఒంగోలు వాళ్ళకి విజయవాడ ఆటోనగర్ కూడా ఉంది. ముక్క చేతికి తీసుకుని, మీద అచ్చు చదివాకే డబ్బులివ్వండి.