మెదడులో లిథియం ఎక్కడుంది?

[తెర మీద: ఒక తెల్ల మాత్ర, పక్కన ఫోన్ బ్యాటరీ]

నమస్కారం. ఈ మాత్రలోనూ లిథియమే, మీ ఫోన్ బ్యాటరీలోనూ లిథియమే. బ్యాటరీ సంగతి ఇంకోసారి. మాత్ర మాత్రం బైపోలార్ డిజార్డర్‌కి వాడేది. కొన్నాళ్లు నిద్ర లేకపోయినా అలసట తెలియని, చేతిలో డబ్బు నిలవని హుషారు. ఇంకొన్నాళ్లు మంచం దిగలేనంత దిగులు. అదీ ఆ జబ్బు.

1940ల చివర్లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ లిథియాన్ని ముందు గినీపిగ్‌లకి ఎక్కించాడు. అవి కదలకుండా పడుకున్నాయి. మందు పనిచేసిందనుకుని, తనూ మింగి చూసి, రోగులకి ఇచ్చాడు. నిజానికి ఆ గినీపిగ్‌లు డోసు ఎక్కువై పడిపోయి ఉండొచ్చు! రోగులు మాత్రం నిజంగానే కోలుకున్నారు.

అయితే అందరికీ ఒకేలా పనిచేయదు. బాగా గుణం కనిపించేది దాదాపు మూడో వంతు మందికి. ఎందుకిలా? రక్తపరీక్ష రక్తంలో ఎంతుందో చెబుతుంది కానీ తలలో ఎంతుందో చెప్పదు. అందుకే స్కానింగ్. ముందు, ఈ మందు మెదడునేం చేస్తుందో చూద్దాం.

[తెర మీద: మెదడు ఎమ్మారై, మందుకు ముందు, తర్వాత]

2000లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు పది మంది రోగులకి నాలుగు వారాలు లిథియం ఇచ్చి స్కాన్ తీశారు. ఎనిమిది మందిలో గ్రే మ్యాటర్, అంటే మెదడు కణాలు గుమిగూడి ఉండే బూడిద రంగు భాగం, పెరిగినట్టు కనిపించింది, సుమారు 3 శాతం.

ఇక్కడే ఒక తిరకాసు. ఏది గ్రే మ్యాటరో ఎమ్మారై బొమ్మలోని నలుపు తెలుపుల తేడాను బట్టే లెక్క కడతారు. 2013లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వాళ్లు ఏ జబ్బూ లేనివాళ్లకి లిథియం ఇచ్చి చూస్తే, ఆ ఛాయే మారింది. స్టూడియోలో లైటు మార్చితే ఫొటోలో మనిషి రంగు తేలినట్టన్నమాట. పెరిగిందన్న దాంట్లో కొంత ఇదే కావచ్చు.

మరి 2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2,447 మంది రోగుల స్కాన్‌లు చూసింది. వాళ్ల మెదడు పైపొర కాస్త పలచబడి ఉంది. లిథియం వాడేవాళ్లలో ఆ పలచదనం తక్కువ. నాకు ఇది పది మంది లెక్క కన్నా గట్టిగా అనిపిస్తుంది. కానీ ఒకసారి తీసిన ఫొటో చూసి, మందు వల్లే పొర నిలిచిందని తేల్చలేం.

[తెర మీద: పాత రేడియో, తిరుగుతున్న ముల్లు]

అసలు సరదా ఇప్పుడు. మామూలు ఎమ్మారై వినేది మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్‌ని. 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో ఆ స్టేషన్ దాదాపు 128 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. లిథియం స్టేషన్ వేరు, 50 దగ్గర. దానికి తగ్గ కాయిల్, అంటే ఏరియల్ లాంటి తీగచుట్ట, తల చుట్టూ పెడితే నేరుగా లిథియం గొంతే వినొచ్చు. కాకపోతే బాగా సన్నగా, ఎందుకంటే హైడ్రోజన్ దానికి లక్ష రెట్లకు పైగా ఉంటుంది.

పారిస్ దగ్గర సక్లేలో 7 టెస్లా యంత్రంతో 21 మందిని ఇలా స్కాన్ చేశారు, 2020లో వివరాలు వచ్చాయి. లిథియం అంతటా సమానంగా పరుచుకోలేదు. జ్ఞాపకాలకీ భావోద్వేగాలకీ సంబంధమున్న ఎడమ హిప్పోకాంపస్‌లో ఎక్కువగా ఉంది.

మన ఊరి స్కానింగ్ సెంటర్‌లో ఈ స్టేషన్ పట్టదు. అందుకే లిథియం వాడేవాళ్లకి ఇప్పటికీ రక్తపరీక్షే దిక్కు: రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి, పొద్దుటి మాత్ర ఇంకా వేసుకోకుండా. మే ఎండలకి ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లునొప్పులని ఇబుప్రొఫెన్ వేసుకున్నా ఆ అంకె పైకి పోతుంది. చేతులు బాగా వణుకుతూ, వాంతులవుతూ, నడక తూలితే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.