రిసీవర్ జట్టు మారితే మన పాయింట్లు ఏమవుతాయి?

అందరికీ నమస్కారం. మీలో చాలామందికి ఫాంటసీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లను మన జట్టుకి ఎంచుకుని, వాళ్ల ఆటని బట్టి పాయింట్లు పొందే పోటీ) లీగ్ డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల ఎంపిక, దగ్గర పడింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పేరున్న రిసీవర్‌ని, అంటే పాస్‌లు పట్టే ఆటగాడిని, ఎవరైనా ట్రేడ్ చేశారన్న వార్త రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట పడే ప్రశ్న ఒకటే: "అక్కడ క్వార్టర్‌బ్యాక్ ఎవరు?" అంటే అతనికి బంతి విసిరేది ఎవరని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ముందు అడగాల్సింది, కొత్త జట్టులో ఆ రిసీవర్ వైపు ఎన్ని బంతులు వస్తాయని. పీపీఆర్ (పాయింట్ పర్ రిసెప్షన్) లీగ్‌లో క్యాచ్‌కి ఒక పాయింటు, పది యార్డులకి ఒకటి, టచ్‌డౌన్‌కి (బంతిని ఎదుటి జట్టు ఎండ్ జోన్‌లోకి చేర్చితే) ఆరు. ఈ మూడూ టార్గెట్‌తోనే, అంటే అతని వైపు విసిరిన బంతితోనే, మొదలవుతాయి. బంతి అటు రాకపోతే ఎంత ఆటగాడైనా మన ఖాతాలో సున్నానే. ఇకమీదట నేను చెప్పే పాయింట్లన్నీ పీపీఆర్ పద్ధతిలో, రిసీవింగ్ వరకే వేసినవి.

స్టెఫాన్ డిగ్స్ సంగతి చూడండి. 2019లో మిన్నెసోటా వైకింగ్స్ రన్నింగ్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆట) మీద ఎక్కువగా ఆధారపడ్డ జట్టు. డిగ్స్‌కి ఆ ఏడాది వచ్చిన టార్గెట్లు 94. 2020 మార్చిలో బఫలో బిల్స్‌కి వెళ్లాడు. అక్కడి క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ గురి మీద అప్పటికి చాలామందికి నమ్మకం లేదు, అతని కంప్లీషన్ శాతం (విసిరిన పాస్‌లలో తనవాళ్లు పట్టినవి) 58.8 మాత్రమే. అందుకే డిగ్స్ విలువ పడిపోతుందన్నారు. కానీ బిల్స్ అతని వైపు 166 సార్లు విసిరారు. 127 క్యాచ్‌లు, 1,535 యార్డులతో రెండింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానం అతనిదే. పాయింట్లు 212 నుంచి 328కి పెరిగాయి. అలెన్ కంప్లీషన్ శాతం కూడా 69.2కి చేరింది. మంచి క్వార్టర్‌బ్యాక్ రిసీవర్‌ని నిలబెడతాడని అంటుంటాం. ఇక్కడ రిసీవర్ కూడా క్వార్టర్‌బ్యాక్‌ని నిలబెట్టాడు. ట్రేడ్ లెక్కలు వేసేటప్పుడు మనం దీన్ని దాదాపు ఎప్పుడూ పట్టించుకోం.

అదే ట్రేడ్‌లో వచ్చిన 22వ పిక్‌తో (ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాడిని ఎంచుకునే 22వ అవకాశంతో) వైకింగ్స్ తీసుకున్నది జస్టిన్ జెఫర్సన్‌ని. మొదటి ఏడాదే 1,400 యార్డులు! ఆటగాడు వెళ్లిపోయినా అతను ఖాళీ చేసిన బంతులు అక్కడే ఉంటాయి. అవి ఎవరికి వెళ్తాయో ముందే పట్టుకున్నవాళ్లకి జెఫర్సన్ చాలా చౌకగా దొరికాడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను: 2022 మార్చి, టైరీక్ హిల్ కాన్సాస్ సిటీ చీఫ్స్ నుంచి మయామీ డాల్ఫిన్స్‌కి. చీఫ్స్‌కి వచ్చింది ఐదు డ్రాఫ్ట్ పిక్స్. క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ని వదిలి టువా టాగోవైలోవా దగ్గరికి వెళ్తున్నాడు, ఇక అయిపోయిందని ఎందరో తీర్పు చెప్పేశారు. హిల్ టార్గెట్లు 159 నుంచి 170కి, యార్డులు 1,239 నుంచి 1,710కి పెరిగాయి. టచ్‌డౌన్లు తొమ్మిది నుంచి ఏడుకి తగ్గినా పాయింట్లు 289 నుంచి 332కి చేరాయి.

హిల్ కంటే ఆసక్తికరమైన లెక్క అతని పక్కన ఆడిన జేలెన్ వాడిల్‌ది. 2021లో వాడిల్ 140 టార్గెట్లలో 104 క్యాచ్‌లు పట్టాడు, ఎక్కువగా చిన్న చిన్న పాస్‌లు, 1,015 యార్డులు. హిల్ వచ్చాక టార్గెట్లు 117కి, క్యాచ్‌లు 75కి పడిపోయాయి. అక్కడితో ఆగి చూస్తే వాడిల్ నష్టపోయాడనే అనిపిస్తుంది. కానీ యార్డులు 1,356 అయ్యాయి! కొత్త కోచ్ మైక్ మెక్‌డానియెల్ పద్ధతిలో, డిఫెన్స్ కళ్లన్నీ హిల్ మీద ఉండగా, వాడిల్‌కి మైదానం నడిమధ్యలో దారి దొరికింది. క్యాచ్‌కి సగటు 9.8 యార్డుల నుంచి 18.1కి చేరింది. పీపీఆర్‌లో 241 పాయింట్ల నుంచి 258కి, అంటే స్వల్ప లాభం. క్యాచ్‌కి పాయింటు ఇవ్వని లీగ్‌లో అదే మార్పు 137 నుంచి 183కి. ఒకే ఆటగాడు, అదే ట్రేడ్, మీ లీగ్ రూల్‌ని బట్టి రెండు వేర్వేరు జవాబులు. దయచేసి ఈ రోజు ఇంటికెళ్లాక మీ లీగ్ స్కోరింగ్ పేజీ ఒకసారి తెరిచి చూసుకోండి.

అటు కాన్సాస్ సిటీలో హిల్ బంతులు ఏమయ్యాయి? ఏ కొత్త రిసీవరూ హిల్ స్థాయికి రాలేదు. జూజూ స్మిత్-షూస్టర్ 933 యార్డుల దగ్గర ఆగాడు. అసలు లాభం పొందింది టైట్ ఎండ్ (ఎదుటివాళ్లని అడ్డుకుంటూ పాస్‌లూ పట్టే స్థానం) ట్రావిస్ కెల్సీ, 92 క్యాచ్‌ల నుంచి 110కి, తొమ్మిది టచ్‌డౌన్ల నుంచి పన్నెండుకి. రిసీవర్ వెళ్లిపోతే వారసుడు రిసీవరే కానక్కర్లేదు.

అదే మార్చిలో డవాంటే ఆడమ్స్ కూడా ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌ని వదిలి రెయిడర్స్‌కి వెళ్లాడు. టార్గెట్లు 169 నుంచి 180. పాయింట్లు 344 నుంచి 336. దాదాపు కదల్లేదు.

మరి దెబ్బతిన్నవాళ్లు? ఓడెల్ బెకమ్ జూనియర్ 2019లో జెయింట్స్ నుంచి బ్రౌన్స్‌కి వెళ్లినప్పుడు ఏడాది మొత్తం చూస్తే తేడా పెద్దగా కనిపించదు: 1,052 యార్డులు కాస్తా 1,035. కానీ మొదటివి 12 మ్యాచ్‌ల్లో, రెండోవి 16 మ్యాచ్‌ల్లో. మ్యాచ్‌కి 18 పాయింట్లు ఇచ్చేవాడు పన్నెండున్నరకి దిగాడు. అక్కడ అప్పటికే రిసీవర్ జార్విస్ లాండ్రీ ఉన్నాడు, ఆ సీజన్‌లో అతని టార్గెట్లు 138, బెకమ్‌వి 133. గాయంతో ఆడాడన్నదీ నిజమే. 2022 నవంబరులో చేజ్ క్లేపూల్ కోసం బేర్స్ సెకండ్ రౌండ్ పిక్ ఇచ్చారు. అంత ధర పెట్టారంటే బాగా వాడుకుంటారని మనం అనుకుంటాం. కానీ ఆ ఏడాది పాసింగ్ యార్డుల్లో లీగ్‌లో చివరి స్థానం ఆ జట్టుదే. క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ పరుగుతోనే వెయ్యి యార్డులు దాటించాడు. క్లేపూల్ ఏడు మ్యాచ్‌ల్లో పట్టింది 14 క్యాచ్‌లు. పంచడానికి బంతులే లేని చోట ధర చూసి ఏం లాభం?

చివరిగా, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వాళ్లు ఇంతమంది ఉన్న గదిలో మన డాలస్ జట్టు కౌబాయ్స్ గురించి మాట్లాడకుండా దిగితే ఊరుకోరు. 2018 అక్టోబరు 22న అమారి కూపర్ రెయిడర్స్ నుంచి ఇక్కడికొచ్చాడు. అతను సీజన్ మధ్యలో వచ్చాడు కాబట్టి ముందు క్యాలెండర్ చూడాలి. రెయిడర్స్‌కి ఏడో వారం బై (మ్యాచ్ లేని వారం), కౌబాయ్స్‌కి ఎనిమిదో వారం బై. అతన్ని పెట్టుకున్నవాళ్లకి వరసగా రెండు వారాలు సున్నా. ఎంతో టెన్షన్ పడి వదిలేసినవాళ్లూ ఉండే ఉంటారు. ఆ తర్వాత తొమ్మిది మ్యాచ్‌ల్లో 53 క్యాచ్‌లు, 725 యార్డులు, ఆరు టచ్‌డౌన్లు. రెయిడర్స్‌తో మ్యాచ్‌కి తొమ్మిది పాయింట్లు, ఇక్కడ దాదాపు పద్దెనిమిది.

అయితే ఆ పద్దెనిమిదిని నేను అలాగే ఒప్పుకోను. డిసెంబరు 9న ఆర్లింగ్టన్‌లో ఈగల్స్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 217 యార్డులు, మూడు టచ్‌డౌన్లు, దగ్గర దగ్గర యాభై పాయింట్లు. ఓవర్‌టైమ్‌లో వచ్చిన ఆఖరి టచ్‌డౌన్ పాస్ ఈగల్స్ డిఫెండర్ రసూల్ డగ్లస్ చేతికి తగిలి గాల్లోకి లేచి కూపర్ చేతుల్లో పడింది. ఆ మ్యాచ్ తీసేస్తే సగటు పద్నాలుగు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌కి వాడాల్సిన అంకె ఆ పద్నాలుగే. తొమ్మిది నుంచి పద్నాలుగంటే అదీ తక్కువేం కాదు.

ఇక మీ ప్రశ్నలు. మీ జాబితాలో జట్టు మారిన రిసీవర్లు ఎవరున్నారో చెప్పండి, పాత జట్టు టార్గెట్లు, కొత్త జట్టు టార్గెట్లు బోర్డు మీద రాసి ఒక్కొక్కరి లెక్క ఇక్కడే వేద్దాం.