మూత్రంలో గాలి వస్తోందంటే అపెండిక్స్ వైపు కూడా చూడాలి

అందరికీ నమస్కారం. అపెండిక్స్ అనగానే మనకి తెలిసింది ఒకటే: కుడివైపు పొత్తికడుపులో నొప్పి, వాంతులు, ఆపరేషన్, కొద్ది రోజుల్లో ఇంటికి. ఇవాళ అంత తేలిగ్గా తేలని కేసుల గురించి మాట్లాడతాను. అరుదే, కాదనను. కానీ వచ్చినవాళ్లు మాత్రం నెలల తరబడి డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు, ఎందుకంటే బాధ ఒకచోట, మూలం ఇంకోచోట.

పెద్దపేగు మొదలయ్యేచోట వేలాడే సన్నటి గొట్టమే అపెండిక్స్. సాధారణంగా 6 నుంచి 10 సెంటీమీటర్లు, ఒక కొస మూసుకుని ఉంటుంది. మొదలు అందరికీ దాదాపు ఒకేచోట ఉన్నా కొస ఎటైనా తిరిగి ఉండొచ్చు, కొందరికి పేగు వెనక్కి, కొందరికి కిందికి దిగి మూత్రాశయం పక్కకి. గట్టిపడిన మలం ముక్కో, వాపో దానికి అడ్డుపడితే లోపల ఒత్తిడి పెరిగి, చీముపట్టి, గోడకి చిల్లు పడుతుంది. అప్పుడు చుట్టుపక్కల పేగులు, కొవ్వుపొర వచ్చి అతుక్కుని చీముని కడుపంతా పాకనివ్వకుండా ఆపుతాయి. ప్రాణం నిలబడుతుంది, నొప్పి కూడా తగ్గుతుంది, 'హమ్మయ్య, తగ్గిపోయింది' అనుకుంటాం. లోపల చీముగడ్డ మాత్రం ఊరుకోదు. ఏ గోడకి ఆనుకుని ఉందో ఆ గోడనే మెల్లగా తినేసి, అవతలికి దారి చేసుకుంటుంది. ఆ దొంగదారినే ఫిస్టులా అంటాం. అది మూత్రాశయంలోకి తెరుచుకోవచ్చు, పక్క పేగులోకి, కడుపు చర్మం మీదికి, ఆడవాళ్లలో యోనిలోకి కూడా. క్రోన్స్ జబ్బు (పేగులు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడే జబ్బు), అపెండిక్స్‌లో పుట్టే కణితులు కూడా ఇలాంటి దారులు చేస్తాయి.

ఎక్కువగా తికమక పెట్టేది మూత్రాశయంలోకి తెరుచుకునేదే. ఇది మగవాళ్లలో ఎక్కువ, ఆడవాళ్లకి మధ్యలో గర్భాశయం అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి. మూత్రంలో మంట, జ్వరం వస్తాయి, యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతాయి, కోర్సు అయిపోగానే మళ్లీ మొదలు. మూత్రం కల్చర్ చేస్తే, అంటే అందులోని క్రిముల్ని ల్యాబులో పెంచి చూస్తే, సాధారణంగా ఒక రకం క్రిమి పెరగాలి, ఇక్కడ పేగులో ఉండే రెండు మూడు రకాలు కలిసి పెరుగుతాయి. ఇంకో లక్షణం ఉంది, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు: మూత్రం అయిపోవస్తుండగా చివర్లో తుస్సుమని గాలి రావడం. గాలి మూత్రం పైన తేలుతుంది కాబట్టి ఆఖర్న బయటికొస్తుంది. ఒక్కోసారి మలం నలకలు, ఆ వాసన కూడా. సిగ్గుపడి దాచుకోకండి, ఎన్నో పరీక్షలు చెప్పలేని సంగతి ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1735లో లండన్ సెయింట్ జార్జ్ హాస్పిటల్లో క్లాడియస్ ఆమ్యాండ్ అనే సర్జన్ దగ్గరికి 11 ఏళ్ల కుర్రాడొచ్చాడు, గజ్జల్లో హెర్నియా, తొడ దగ్గర మలం కారే పుండు. కోసి చూస్తే హెర్నియా సంచిలో అపెండిక్స్, దానికి చిల్లు పొడిచిన గుండుసూది! మత్తుమందు అనేదే లేని కాలంలో దాన్ని తీసేశారు, కుర్రాడు బతికాడు. విజయవంతమైన అపెండిక్స్ ఆపరేషన్లలో రికార్డుల్లో మొదటిది అదే, అంటే అపెండిక్స్ ఆపరేషన్ మొదలైందే ఫిస్టులా కేసుతో అన్నమాట.

ఇప్పుడు మనకి సీటీ స్కాన్ ఉంది. మూత్రం ట్యూబు వేయని మనిషి మూత్రాశయంలో గాలి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. సిస్టోస్కోపీలో (సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడడం) ఒకచోట ఎర్రగా ఉబ్బిన మచ్చ కనిపించొచ్చు, దారి మాత్రం కనిపించకపోవచ్చు. కొన్ని కేసులు ఆపరేషన్ టేబుల్ మీదే తేలతాయి, అందులో డాక్టర్ల తప్పు వెతకనక్కర్లేదు.

వైద్యానికొస్తే, అపెండిక్స్ లోపల ఉన్నంతకాలం మందులతోనే ఈ దారి పూడుతుందని ఆశపెట్టుకోలేం. ముందు యాంటీబయాటిక్స్, పెద్ద గడ్డ ఉంటే ట్యూబుతో చీము తీయడం. తర్వాత ఆపరేషన్ చేసి అపెండిక్స్‌నీ ఆ దారినీ కలిపి తీసేసి, మూత్రాశయం చిల్లుని కరిగిపోయే దారంతో కుట్టేస్తారు. కుదిరితే లాపరోస్కోపీలోనే, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ. కుట్లమీద ఒత్తిడి పడకుండా ఒకటి రెండు వారాలు మూత్రం ట్యూబు ఉంచుతారు, చిరాకుగా ఉన్నా ఓర్చుకోవాలి.

అపెండిక్స్ తీసేశాక మొదలు దగ్గర లీకై గాయంలోంచి మలం కారడం వేరే సంగతి. చూస్తే గుండె జారిపోతుంది గానీ, కింద పేగుకి అడ్డం లేకుండా, చీము నిలవ లేకుండా ఉంటే చాలావరకు మంచి పోషణతో, చర్మం ఒరిసిపోకుండా చూసుకుంటే దానంతటదే మూసుకుంటుంది. అక్కడ తొందరపడి కత్తి పట్టడం నాకు నచ్చదు.

ఇంకొకటి. తీసిన ముక్క తప్పకుండా బయాప్సీకి వెళ్లాలి. క్యాన్సర్ అని తేలితే కుడివైపు పెద్దపేగు భాగం కూడా తీయాల్సి రావొచ్చు. కాబట్టి కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ రిపోర్టు వచ్చిందా అని మీరే అడగండి.