పాత రౌటర్‌తో మేడ మీదికి వైఫై

(తెర మీద: మేడ మీద గది. ఫోనులో వైఫై ఒక్క గీత.)

కింద హాల్లో సినిమా ఆగకుండా నడుస్తుంది. మెట్లెక్కి ఈ గదిలోకి వస్తే వాట్సాప్‌లో ఫొటో కూడా తెరుచుకోదు. మధ్యలో ఉన్నది శ్లాబు మరి. కాంక్రీటు, దాని లోపల ఇనుప చువ్వలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే అక్కడే చాలావరకు చచ్చిపోతుంది.

రిపీటర్ కొనమంటారు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటూ, మళ్ళీ దాంతోనే చెబుతుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. వైరు లాగే వీలుంటే మాత్రం అటకమీద పడేసిన పాత రౌటరే నయం.

(తెర మీద: దుమ్ము పట్టిన పాత రౌటర్.)

రౌటర్ చేసే పనుల్లో ఒకటి, ఇంట్లో ప్రతి ఫోనుకీ టీవీకీ ఒక ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్కులో ఇంటి నంబరు లాంటిది, ఇవ్వడం. దాన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఆ పెత్తనం కింది రౌటర్‌దే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా! పైది వైఫై పంచితే చాలు. అలా పనిచేసేదే యాక్సెస్ పాయింట్.

ముందు పాత రౌటర్‌ని రీసెట్ చేద్దాం. వెనక సన్నటి రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టండి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌ని వైరుతో దీనికి మాత్రమే కలపండి, కింది రౌటర్‌కి ఇంకా వద్దు. రెండింటి అడ్రసూ 192.168.1.1 అయితే కొట్టుకుంటాయి.

బ్రౌజర్‌లో పాత రౌటర్ అడ్రసు కొడితే తెరుచుకునే సెట్టింగుల్లో ఆపరేషన్ మోడ్ కింద యాక్సెస్ పాయింట్ అని కనిపిస్తే అదృష్టవంతులు, అది ఎంచుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. లేకపోతే మన చేత్తో మనమే.

(తెర మీద: ల్యాన్ సెట్టింగుల పేజీ.)

ఇక్కడ వరస ముఖ్యం. నేను మొదటిసారి ముందు డీహెచ్‌సీపీ ఆపేశాను. ల్యాప్‌టాప్‌కి 169.254తో మొదలయ్యే పనికిరాని అడ్రసు వచ్చింది, సెట్టింగుల పేజీ ఇక తెరుచుకోలేదు. మళ్ళీ పిన్ను, మళ్ళీ మొదటి నుంచి.

కాబట్టి ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్. తర్వాత ల్యాన్ ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్కులో ఈ రౌటర్ సొంత అడ్రసు. కింది రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు, కానీ కిందిది పంచే అడ్రసుల వరసలో ఆ 2 ఉండకూడదు. కొన్ని ఫైబర్ పెట్టెలు 2 నుంచి 254 దాకా అన్నీ పంచేస్తాయి. అలాంటప్పుడు కిందిదాంట్లో ఆ వరసని 250 దగ్గర ఆపి, పాతదానికి 251 ఇవ్వండి. సేవ్ చేశాక కొత్త అడ్రసుతో మళ్ళీ లాగిన్ అయి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆపండి.

(తెర మీద: రౌటర్ వెనక పోర్టులు, దగ్గరగా.)

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. రంగు వేరుగా ఉన్న ఈ పోర్టు వ్యాన్, బయటి నెట్ వైరు పెట్టేది. మిగతావి ల్యాన్, ఇంట్లో వాటికి. చూడగానే వైరు ఇందులోనే పెట్టాలనిపిస్తుంది. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ లేని రౌటర్‌లో మాత్రం దీన్ని వదిలేయండి. కింది ల్యాన్ పోర్టు నుంచి వచ్చే వైరు పైదాని ల్యాన్ పోర్టులోకే వెళ్ళాలి. వ్యాన్‌లో పెడితే నెట్ వచ్చినట్టే ఉంటుంది, కానీ పై గదిలో ఫోనుకి కింది ప్రింటరు కనపడదు, హాల్లో టీవీకి వీడియో పంపలేరు.

వైరు క్యాట్ 5ఈ చాలు, వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చౌకగా అంటగడతారు, అడిగి అసలు రాగిదే తీసుకోండి. ఇంకో మాట: పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వైతే మీ ప్లాను 300 అయినా పైన 100 దాటదు.

వైఫై పేరూ పాస్‌వర్డూ రెండింటిలో ఒకటే పెడితే మెట్లెక్కేటప్పుడు ఫోను తనే మారుతుంది. కొన్ని ఫోన్లు మొండివి, బలహీనమైనా కిందిదాన్నే పట్టుకుని వేలాడతాయి. వాటి కోసం పైదానికి వేరే పేరు పెట్టుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ కిందిది 1 అయితే పైదానికి 6 లేదా 11 పెట్టండి.

(తెర మీద: రౌటర్ అడుగున చిన్న కాగితం.)

పైదానికి మీరిచ్చిన అడ్రసు, 192.168.1.2 అయినా 192.168.1.251 అయినా, రాసి దాని అడుగున అంటించండి. ఆరు నెలల తర్వాత పాస్‌వర్డ్ మార్చాలంటే 192.168.1.1 కొడతారు, కింది రౌటర్ తెరుచుకుంటుంది, అందులో మార్చేసి పైది ఎందుకు మారలేదా అని కూర్చుంటారు.