చిన్నపిల్లలతో క్రూజ్ బుక్ చేస్తున్నారా? ముందు ఈ పేజీ తెరవండి

అందరికీ నమస్కారం. స్క్రీన్ కనిపిస్తోంది కదా? సరే. ఈరోజు చిన్నపిల్లలున్న ఇంటికి సరిపోయే క్రూజ్ ఒకటి వెతుకుదాం. మాట్లాడుకోవడం కాదు, నిజంగానే వెతుకుదాం, నాతోపాటు మీరూ క్లిక్ చేయండి.

మేముండేది డాలస్ పక్కన, ఫ్రిస్కోలో. అందుకని నేను టెక్సస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ పోర్ట్ చూస్తాను. కారులో దాదాపు ఐదు గంటలు. ఫ్లైట్ లేదు, కార్ సీట్లు విప్పి మోసే పని లేదు. ఫ్లోరిడా దగ్గర ఉన్నవాళ్ళు మయామి పెట్టుకోండి, పోర్ట్ కెనావరల్ పెట్టుకోండి, పద్ధతి ఇదే.

ఇదిగో, పోర్ట్ దగ్గర గాల్వెస్టన్. నెల ఇక్కడ. రాత్రులు 3 నుంచి 5. వెతుకు నొక్కాను. వచ్చేశాయి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్, చలికాలంలోనేమో గాల్వెస్టన్‌లో పొగమంచు. పొగమంచు పట్టిందంటే షిప్ లోపలికి రాలేక బయటే ఆగిపోతుంది. అందుకే ఏ నెలలో వెళ్ళినా తిరిగొచ్చిన రోజు ఆఫీస్ మీటింగులు పెట్టుకోకండి.

ఈ ఒక్క ట్రిప్ తెరుస్తాను. 4 రాత్రులు, మెక్సికోలోని కొజుమెల్ దీవికి. రోజులవారీగా చూడండి... మొదటి రోజు ఎక్కడం, రెండో రోజు సముద్రం, మూడో రోజు కొజుమెల్, నాలుగో రోజు మళ్ళీ సముద్రం, ఐదో రోజు పొద్దున్నే దిగడం. అంటే ఊరు చూసేది ఒక్క రోజే. మిగతాదంతా షిప్‌లోనే. 7 రాత్రులైతే రొయాటాన్, కోస్టా మాయా లాంటి ఊళ్ళు కూడా కలుస్తాయి, కానీ అప్పుడు కూడా సముద్రంలో రెండు మూడు రోజులుంటాయి. కాబట్టి ఏ ఊరు వెళ్తోంది అన్నది తర్వాత. ఆ షిప్‌లో మీ బిడ్డ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుంది? ముందు అది చూడాలి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ వీడియో చేస్తున్నదే దీని కోసం.

మా మొదటి క్రూజ్‌కి పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడేళ్ళ రెండు నెలలు. షిప్‌లో పిల్లల్ని ఆడించే కిడ్స్ క్లబ్ మూడేళ్ళ నుంచి, ఫ్రీ అని రాసుంది. వాడికి మూడు నిండాయి కదా అని ఇంకేమీ చదవలేదు. మొదటి సాయంత్రం ఇద్దరినీ తీసుకెళ్ళాం. కౌంటర్‌లో అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది, బాబుకి పాటీ ట్రైనింగ్ అయిందా, అంటే డైపర్ లేకుండా బాత్రూమ్‌కి వెళ్తాడా అని. అప్పటికి వాడింకా పుల్లప్స్‌లోనే, అంటే నిక్కర్‌లా వేసే డైపర్లలోనే ఉన్నాడు. అయితే కుదరదండీ అంది. పాప లోపలికెళ్ళింది. వాడు ఆ అద్దం తలుపుకి అరచేతులు ఆనించి, లోపల బొమ్మల్ని చూస్తూ అక్కా అక్కా అని ఏడుపు. పోనీ పూల్‌కి తీసుకెళ్దామంటే అక్కడా బోర్డు. డైపర్ ఉన్న పిల్లలు పూల్‌లోకి దిగకూడదు. స్విమ్ డైపర్ వేసినా దిగకూడదు. నాలుగు రోజులూ మా ఆయన ఒక పూట, నేను ఒక పూట, వాడిని ఎత్తుకుని డెక్ చుట్టూ తిరిగాం. వాడి తప్పేమీ లేదు, షిప్ వాళ్ళ తప్పూ లేదు. నేను ఆ పేజీ చదవలేదు, అంతే.

ఆ పేజీ ఎక్కడుంటుందో చూపిస్తాను. క్రూజ్ కంపెనీ సైట్‌లో పైన వెతికే పెట్టె ఉంది కదా, అందులో యూత్ ప్రోగ్రామ్ అని కొట్టండి. ఫొటోలు దాటేయండి. ఇంకా కిందికి... ఇంకా... ఇక్కడ. ప్రశ్నలు, జవాబులు. ఇదీ చదవాల్సింది.

ఒక్కో కంపెనీది చూద్దాం. రాయల్ కరీబియన్‌లో కిడ్స్ క్లబ్‌కి మూడేళ్ళు నిండాలి, పాటీ ట్రైనింగ్ అయి ఉండాలి. డైపర్, పుల్లప్ రెండూ కుదరవు. డిస్నీలో మెయిన్ కిడ్స్ క్లబ్‌కి కూడా అంతే, మూడేళ్ళు, పాటీ ట్రైనింగ్. కార్నివల్ వేరు. అక్కడ కిడ్స్ క్లబ్ పేరు క్యాంప్ ఓషన్, రెండేళ్ళ నుంచే మొదలు. డైపర్ ఉన్నా తీసుకుంటారు, మీరు డైపర్లు, వైప్స్ ఇస్తే వాళ్ళే మారుస్తారు. చూశారా తేడా? రెండున్నరేళ్ళ పిల్లాడున్న ఇంటికి ఈ ఒక్క వాక్యంతో షిప్ మారిపోతుంది. వాటర్ స్లైడ్లు ఎన్ని ఉన్నాయి, షో ఎంత బాగుంటుంది, ఇవన్నీ దీని తర్వాతే.

మరి రెండేళ్ళలోపు వాళ్ళకి? డిస్నీలో నర్సరీ ఉంది, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా. రాయల్ కరీబియన్‌లో కూడా ఉంది కానీ అన్ని షిప్పుల్లో లేదు. రెండు చోట్లా గంటకి ఇంత అని డబ్బు తీసుకుంటారు. స్లాట్లు త్వరగా అయిపోతాయి, బుకింగ్ తెరిచిన రోజే పెట్టేయండి. ఆరు నెలలు నిండని పసిబిడ్డని మామూలుగా షిప్‌లోకే ఎక్కనివ్వరు. సముద్రంలో వరుసగా ఎక్కువ రోజులుండే ట్రిప్‌కయితే ఏడాది నిండాలి. షిప్ ఎక్కే రోజుకి నిండాలి, బుక్ చేసే రోజుకి కాదు.

నీళ్ళ సంగతి. పూల్ అని కాకుండా స్ప్లాష్ అని వెతకండి. డైపర్ పిల్లల కోసం విడిగా కట్టిన చోటు కొన్ని షిప్పుల్లోనే ఉంటుంది. ఒకే కంపెనీలో కూడా ఒక షిప్‌లో ఉంటుంది, పక్క షిప్‌లో ఉండదు. నేను క్రూజ్‌మ్యాపర్ అనే సైట్ వాడతాను. షిప్ పేరు కొడితే డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే మ్యాప్ వస్తుంది, ఇదిగో. కంపెనీ సైట్‌లో కన్నా ఇక్కడ పెద్దది చేసి చూడటం తేలిక, నాకు ఇదే అలవాటు. ఇంకోటి, అన్ని షిప్పుల్లో పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ ఉండరు. ఉన్నా సరే, చేతికి అందేంత దూరంలో మీరుండాలి.

డెక్ ప్లాన్ తెరిచాం కాబట్టి గది కూడా చూసేద్దాం. మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, ఊపు తక్కువ. మన గదికి పైనా కిందా కూడా గదులే ఉండాలి. పైన పూల్ డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడుకి పిల్లలు లేచి కూర్చుంటారు. పాపాయికి మంచం అడిగితే ఇస్తారు, బుకింగ్‌లోనే రాయించండి. బాత్‌టబ్ చాలా గదుల్లో ఉండదు, షవరే. డిస్నీలో చాలా గదుల్లో ఉంటుంది. నేను ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకెళ్తాను, చిన్నవాళ్ళకి స్నానం తేలికవుతుంది.

తిండి. రైస్ కుక్కర్ తీసుకెళ్ళకండి, ఎలక్ట్రిక్ కెటిల్ కూడా వద్దు, పోర్ట్‌లోనే తీసేసుకుంటారు. ఇంట్లో వండినవి కూడా ఒప్పుకోరు. సీల్ ఉన్న బేబీ ఫుడ్ పర్వాలేదు. బఫేలో అన్నం దొరుకుతుంది, పొద్దున పూట చప్పటి పెరుగు దొరుకుతుంది, ఇంకేం, పెరుగన్నం సిద్ధం. డిన్నర్‌కి ఉన్న టైముల్లో తొందరగా ఉండేది ఎంచుకోండి. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మన కూరలు కావాలని చెప్తే చాలా షిప్పుల్లో మర్నాటి నుంచి పప్పు, కూర చేసిపెడతారు. మా అత్తయ్యగారు మాతో వచ్చినప్పుడు ఆవిడకి రోజూ అలాగే గడిచింది.

కాగితాలు. బయల్దేరిన పోర్ట్‌కే తిరిగొచ్చే ట్రిప్ అయితే, అమెరికా పౌరులైన 16 ఏళ్ళలోపు పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ చాలు. నేనైతే పాస్‌పోర్టే చేయించాను, మధ్యలో ఎక్కడైనా ఆసుపత్రి పని పడి దిగిపోతే ఫ్లైట్‌లో రావాలి కదా. మనం హెచ్ 1బి, అంటే ఉద్యోగ వీసా మీద ఉంటే పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు చూసుకోండి. షిప్ మెక్సికో వెళ్ళొస్తే మీరు మళ్ళీ అమెరికాలోకి వస్తున్నట్టే. గడువు అయిపోయి ఉంటే డబ్బు కట్టకముందే అటార్నీని అడగండి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే అది మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికి మించి సార్లు లోపలికి రానిచ్చేది, అవునో కాదో కూడా చూసుకోండి.

ఇక ధర. ఈ పెద్ద అంకె చూసి ఆగకండి. కిందికి వెళ్తే... పన్నులు, పోర్ట్ ఫీజులు. ఒకే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి టికెట్ తగ్గుతుంది కానీ ఇవి పిల్లలకి కూడా పడతాయి. టిప్పులు మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు, కొన్ని కంపెనీలు పసిపిల్లలకి వేయవు, కొన్ని వేస్తాయి. డిపాజిట్ దగ్గర రిఫండబుల్, అంటే డబ్బు తిరిగొచ్చేది, అన్నదే ఎంచుకోండి. చిన్నపిల్లలకి ఎప్పుడు జ్వరం వస్తుందో మనకి తెలియదు.

నేను ఇక్కడే ఆపుతాను, కార్డు నంబర్ పేజీ వచ్చేసింది. మీ పిల్లల వయసు, డైపర్ ఉందో లేదో, మీకు దగ్గర పోర్ట్ ఏదో కింద రాయండి. ఏ షిప్ పేజీ తెరవాలో నేను చూసి చెప్తాను.