ఐసీయూని ఇంటికి తెచ్చే ముందు ట్రాఫిక్‌ని లెక్కేశారా?

[తెర మీద: ఫ్లాట్‌లో ఒక గది. తల వైపు ఎత్తిన మంచం, మానిటర్, ఆక్సిజన్ మిషన్. కిటికీలోంచి హారన్ల మోత.]

"పేషెంట్ స్టేబుల్‌గా ఉన్నారు. ఇంట్లోనే ఐసీయూ సెటప్ పెట్టుకుంటే తీసుకెళ్ళిపోవచ్చు."

డాక్టర్ ఈ మాట అనగానే ఇంట్లోవాళ్ళకి సగం ఊరట, సగం టెన్షన్. వెంటనే ఫోన్లు మొదలవుతాయి. మంచం అద్దెకి ఎవరిస్తారు, మిషన్ ఎక్కడ దొరుకుతుంది, నర్సుని ఎవరు పంపుతారు? ఇవన్నీ ఒకటి రెండు రోజుల్లో తేలే పనులే. తేలనివి వేరే ఉన్నాయి. అర్ధరాత్రి ఆయాసం మొదలైతే ముందుగా గమనించేది ఎవరు? సాయంత్రం ఆరింటి రద్దీలో ఆసుపత్రి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఈ వీడియోలో ఆ రెండింటి సంగతే చూద్దాం.

[తెర మీద: పాత నలుపు తెలుపు రేఖాచిత్రం. చేత్తో సంచి నొక్కుతున్న మనిషి.]

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి తీసుకోలేనివాళ్ళు రోజూ వచ్చి పడుతున్నారు, మిషన్లు చాలవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ ఒక మార్గం చూపించాడు. గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టి, దానికి రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కడం. వందల మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని వారాల తరబడి ఆ సంచులు నొక్కారు. ఈనాటి ఐసీయూకి బీజం పడింది అక్కడే, అదీ మిషన్లు చాలనిచోట, పక్కనే కూర్చుని కనిపెట్టుకున్న మనుషులతో. ఇంటికి తెచ్చుకోవడం కష్టమైనది కూడా ఆ కనిపెట్టుకోవడమే.

ఆసుపత్రి ఐసీయూలో ఒక నర్సు సాధారణంగా ఒకరిద్దరు పేషెంట్లనే చూస్తుంది, పిలిస్తే డాక్టర్ పలుకుతాడు. ఇంట్లో పన్నెండు గంటల డ్యూటీకి ఒక్క నర్సు. ఆమె తినాలి, బాత్రూమ్‌కి వెళ్ళాలి, రాత్రి మూడింటికి కన్ను మూతపడకుండా ఆపుకోవాలి. డాక్టర్ ఫోన్‌లో ఉంటాడు.

కాబట్టి ఈ ఏర్పాటు అందరికీ సరిపోదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళు, నరాల జబ్బుతో చాలాకాలంగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు, పక్షవాతం తర్వాత ట్రాకియాస్టమీతో, అంటే గొంతు దగ్గర రంధ్రంలో ట్యూబుతో ఉన్నవాళ్ళు, ముదిరిన ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు, నయం కాని క్యాన్సర్‌తో చివరి రోజులు తమ వాళ్ళ మధ్య గడపాలనుకునేవాళ్ళు, వీళ్ళకి ఇల్లు మేలే. కానీ బీపీ నిలబెట్టే మందు ఎక్కిస్తూ గంటగంటకీ డోసు మారుస్తున్నారంటే ఆ మనిషిని తేకూడదు. వెంటిలేటర్ సెట్టింగులు రోజూ మారుతున్నా అంతే. ఎవరు ఎంత మంచి ప్యాకేజీ చూపించినా సరే.

[తెర మీద: ఆక్సిజన్ మిషన్, పక్కన సిలిండర్.]

ఇక ఆక్సిజన్. కాన్సంట్రేటర్ అనే మిషన్ గదిలోని గాలిలోంచి నైట్రోజన్‌ని వేరుచేసి, సుమారు 93 శాతం ఆక్సిజన్ ఇస్తుంది. కరెంటు పోతే ఆగిపోతుంది. అందుకే సిలిండర్ పక్కన ఉండి తీరాలి. ఎంతసేపు వస్తుందన్నది చిన్న భాగహారం. 1500 లీటర్ల సిలిండర్, నిమిషానికి 5 లీటర్ల చొప్పున అయితే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. ఈ లెక్క కాగితం మీద రాసి సిలిండర్‌కే అంటించండి. దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్ ఉండకూడదు. రెగ్యులేటర్‌ని నూనె చేతులతో ముట్టుకోకూడదు.

కరెంటు అనగానే అందరికీ వెంటిలేటర్ గుర్తొస్తుంది, కఫం లాగే సక్షన్ మిషన్ మర్చిపోతారు. ట్రాకియాస్టమీ ఉన్నవాళ్ళకి నిమిషాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ట్యూబులో కఫం గట్టిపడి అడ్డుపడటమే. బ్యాటరీతోనో, కాలితో తొక్కితేనో పనిచేసే సక్షన్ ఒకటి అందుబాటులో ఉంచుకోండి. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఇంకొకటి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ ఒకటి మంచం తలవైపే వేలాడాలి. బీరువాలో దాస్తే లేనట్టే. సక్షన్ గొట్టం లోపల పెట్టి తీసేదాకా 10 నుంచి 15 సెకన్లు మించకూడదు. ఇవి నర్సుతో పాటు ఇంట్లో కనీసం ఇద్దరు ఆసుపత్రిలో ఉండగానే స్వయంగా చేసి నేర్చుకోవాలి. ఇలాంటి వీడియో చూసి కాదు, ఈ వీడియో చూసి కూడా కాదు!

[తెర మీద: గడియారం ముల్లు, పైకీ కిందికీ కదులుతున్న ఛాతీ.]

మానిటర్ మీద అందరూ ఆక్సిజన్ అంకెనే చూస్తుంటారు. వేళ్ళు చల్లబడ్డా, గోళ్ళరంగు ఉన్నా ఆ అంకె తప్పుగా చూపించొచ్చు. పైగా చాలామందికి 94 పైన ఉండాలంటారు గానీ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ఊపిరితిత్తుల జబ్బువాళ్ళకి లక్ష్యం 88 నుంచి 92. వాళ్ళకి అంకె పెంచాలని ఆక్సిజన్ ఎక్కువ పెడితే మత్తులోకి జారిపోవచ్చు. మీ మనిషికి ఎంత ఉండాలో డాక్టర్ చేత రాయించుకోండి.

అంతకన్నా నమ్మదగ్గ గుర్తు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్నది. గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని చూడటానికి వాడే న్యూస్2 అనే పట్టికలో మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. అందులో 12 నుంచి 20 మామూలు. 25 దాటినా, 25 ఉన్నా, ఆ ఒక్కదానికే 3 మార్కులు, అంటే డాక్టర్ వెంటనే చూడాలని అర్థం. కొత్తగా తికమకగా మాట్లాడటం మొదలైనా 3 మార్కులే. "నిద్ర సరిపోలేదులే" అని సరిపెట్టుకునేది దీన్నే.

[తెర మీద: నగరం మ్యాప్. ఎర్రగా మారుతున్న రోడ్లు.]

ఇప్పుడు రద్దీ సంగతి. ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లన్నది పక్కన పెట్టి నిమిషాలు లెక్కపెట్టండి. అంబులెన్స్ రావడానికి ఎంత? సందులోకి రాగలదా, మలుపు దగ్గరే ఆగిపోతుందా? లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా? పడకపోతే కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించాలి, దానికి బలమైన మనుషులు కావాలి. ఆ తర్వాత రోడ్డు. ఉదయం రద్దీలో ఒకసారి, రాత్రి ఒకసారి మీరే వెళ్ళి చూసుకోండి. అంతా కలిపి గంట అయిందనుకోండి, బయల్దేరే నిర్ణయం కూడా గంట ముందుకి జరగాలి. ఆసుపత్రి పక్కనే ఉన్నవాళ్ళు "ఇంకాసేపు చూద్దాం" అనుకోగలరు. మీరు అనుకోలేరు. ఊపిరి లెక్క 21కి చేరినప్పుడే డాక్టర్‌కి ఫోన్ వెళ్ళాలి.

దారికి ఆక్సిజన్ అనుకున్న సమయానికి రెట్టింపు పెట్టుకోండి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి సైరన్, స్ట్రెచర్ ఉన్న బండి చాలదు, దారిలో వెంటిలేటర్ నడపగల మనిషి లోపల ఉండాలి. మీ పెద్ద ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంటే, ముందు దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళి నిలకడ పరచుకుని తర్వాత మారడమే నయం.

గుండె ఆగితే మాత్రం ఏ అంబులెన్సూ సమయానికి రాదు. నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకి తక్కువ కాకుండా నొక్కాలి. ఎయిర్ బెడ్ మీద ఎంత నొక్కినా పరుపే దిగుతుంది. గాలి ఒక్కసారిగా పోయే వాల్వు ఎక్కడుందో బెడ్ వచ్చిన రోజే చూసుకోండి.

కానీ అసలు నొక్కాలా వద్దా? మళ్ళీ ఐసీయూకి, మళ్ళీ ట్యూబులకి వెళ్ళడం ఆ మనిషికి ఇష్టమేనా? మాట్లాడగలిగితే వాళ్ళనే అడగండి, లేకపోతే వాళ్ళు ఇదివరకు ఏమనేవారో గుర్తుచేసుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అందరూ ఒకచోట కూర్చుని డాక్టర్ ముందే తేల్చుకోవాలి. లేకపోతే అంబులెన్స్ కింద ఆగి ఉండగా పై అంతస్తులో వాదన మొదలవుతుంది. తేలినదేదో రాసి, డాక్టర్ సంతకంతో ఫైల్లో మొదటి కాగితంగా పెట్టండి. ఆ ఫైల్ ఎక్కడుందో రాత్రి నర్సుకి కూడా తెలియాలి.